దావ కోసం దావా

పోయిన నెల తిరువళ్ళూరు దగ్గర ఒక లా కాలేజీ వాళ్ళు నన్ను పిలిచి, వేదిక మీద కూర్చోబెట్టి, శాలువా కప్పినారు. చట్టంతో సమాజాన్ని మార్చేదెట్ల అనేది ఆ పొద్దు మాట్లాడాల్సిన సంగతి. నన్ను పరిచయం చేసిన లెక్చరరు, నేనొక ఊరి తలరాతనే తిరగరాసినట్టు అరవంలో దంచి కొట్టినాడు. నేను సిగ్గుపడినట్టు తల వంచుకొని, ఇంకా ఏమన్నా చెప్తాడేమో అని చెవులు మాత్రం అటే పెట్టి కూర్చున్నాను. చివర్లో వెనక బెంచీ నించి ఒక అమ్మాయి లేచి, "సార్, ఈ లైన్లోకి రావాలంటే మొదట ఏం చెయ్యాల సార్?" అనడిగింది.

రాజ్యాంగం, నిబద్ధత, నిరంతర అధ్యయనం అని ఏవో పెద్ద మాటలు చెప్పినాను. చప్పట్లు కొట్టినారు.

నిజం ఏమంటే, నేను ఈ లైన్లోకి వచ్చింది తిరుత్తణిలో ఇంకెవరూ నన్ను జూనియరుగా పెట్టుకోలేదు కాబట్టి. పెట్టుకున్న ఆ ఒక్క మనిషీ పోయి చాలా ఏండ్లయింది. ఆమె ఆ పొద్దు సభలో ఉండుంటే, మొదటి వరసలో కూర్చొని, నేను రెండో వాక్యం మొదలుపెట్టే లోపల నిద్రపోయుండేది.

ఆమె పేరు ఇంటి ముందర బోర్డు మీద ఉండేది గానీ ఆ పేరుతో పిలిచినోళ్ళను నేను చూడలేదు. ఊరందరికీ వకీలమ్మే. నేను మొదటి రోజు "మేడం" అంటే, "మేడం గీడం ఏందప్పా, అక్కా అను. కోర్టులో మాత్రం ఏమీ అనొద్దు, ఊరికే కట్టలు పట్టుకొని నిలబడు" అనింది. పొట్టి మనిషి. నెరిసిన జుట్టు ముడి. చేతిలో ఎప్పుడూ ఆకుపచ్చ వైరు బుట్ట. ఆ బుట్టలో అడుగున కేసు కట్టలు, వాటి మీద మడిచిన నల్లగౌను, గౌను మీద టిఫిను డబ్బా. అందుకని ఆమె వాదించేటప్పుడు కోర్టు హాలంతా చింతకాయ ఊరగాయ వాసన వచ్చేది. ఒక మున్సీపు జడ్జి గారు ఆమె లేచి నిలబడితేనే తనకు ఆకలి అవుతుందని బెంచి క్లర్కు దగ్గర చెప్పుకున్నాడంట.

ఎడమ చెవి వినపడదు ఆమెకు. దాన్ని ఆమె దాచుకోలేదు, ఆస్తి మాదిరి వాడుకునింది. ఎదిరి వకీలు తన ఎడమ పక్క వచ్చేట్టు చూసుకొని నిలబడేది. ఆయన గొంతు చించుకొని అడ్డం వస్తా ఉంటే, ఆమె కుడి చెవిని జడ్జి గారి పక్కకు పెట్టి, తన మాట తాను సాగించుకుంటా పొయ్యేది. రైల్లో కూర్చుంటే మాత్రం కుడి చెవిని కిటికీకి ఆనించి నిద్రపొయ్యేది. లోకంతో పనిలేదన్నమాట. తిరువళ్ళూరు రాగానే ఎవరూ లేపకుండా లేచేది. అదెట్ల అని అడిగితే, "పూల వాసన వస్తాది గదా స్టేషన్లో" అనేది.

ఇంక నా వేషం. మాది నేతోళ్ళ ఇల్లు. మా నాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చొని చీరలు నేసి నన్ను మద్రాసులో లా చదివించినాడు. నేను అక్కడ చదువుతో పాటు గడ్డం కూడా పెంచుకొని వచ్చినాను. గడ్డమూ, భుజాన గుడ్డ సంచీ ఉంటే సమాజం దానంతటదే మారుతుందని గట్టిగా నమ్మిన కాలం అది. నల్లకోటు పాత బట్టల అంగట్లో దొరికింది. దాని మొదటి యజమాని నాకు రెండింతలు ఉండిన మనిషి. చేతులు వేళ్ళ దాకా వచ్చేవి. వేలెత్తి వాదిస్తే వేలు కనపడేది కాదు, చొక్కా తగిలించిన కొయ్య ఊగినట్టుండేది.

తిరుత్తణిలో నాలుగైదు పెద్ద వకీళ్ళ ఇండ్లకు పోయినాను. ప్రతి చోటా, "నేను పేదవాళ్ళ కేసులే చేస్తాను, ఆసాముల కేసులు ముట్టను" అని మొదటే చెప్పినాను. వాళ్ళు మర్యాదగా కాఫీ ఇచ్చి, "అయితే నువ్వు పోవాల్సిన ఇల్లు ఇది కాదప్పా" అని వకీలమ్మ ఇంటికి దావ చూపించినారు.

ఆమె దగ్గర కూడా అదే చెప్పినాను. అదే గొంతుతో. ఆమె పప్పు రుబ్బుతా ఉండింది. కుడి చెవి నా పక్క తిప్పి అంతా విని, "అన్నం తిన్నావా?" అనింది.

"తినలేదక్కా."

"తిను. సమాజాన్ని తర్వాత మారుద్దువు."

అన్నం సంగతి ఆమెకు ఊరికే అడిగే మాట కాదు. సాక్షిని బోనెక్కించే ముందర ఆమె అడిగే మొదటి మాట, "పొద్దున ఏం తిన్నావు?" కేసు గురించి తర్వాత. నాకు మొదట్లో నవ్వొచ్చేది. ఒకసారి ఆమే చెప్పింది. "మన సాక్షులు పొద్దున్నే బస్సెక్కి వస్తారు, ఏమీ తినరు. కడుపు కాలేవాడికి అడిగేవాడి మీద కోపం రాదప్పా, భయం వస్తాది. ఎప్పుడెప్పుడు దిగిపోదామా అని అడిగినదానికంతా అవునంటాడు. తిన్నవాడైతే కాదనేదానికి ఓపిక ఉంటాది." ఇది లా కాలేజీలో ఏ పుస్తకంలోనూ లేదు. ఉండుంటే నేను పాసయ్యేవాణ్ణి కాదు.

ఎమర్జెన్సీ పోయిన కొత్తల్లో అనుకుంటా, తిరువళ్ళూరు రోడ్డులో ఉండే ఒక పల్లె నించి కొంతమంది వచ్చి ఆమె ఇంటి తిన్నె మీద కూర్చున్నారు. ఊరికి దూరంగా ఉండే కాలనీ వాళ్ళు. ఊర్లో టీకొట్టులో వీళ్ళకు వేరే గ్లాసులు. వాళ్ళలో పెద్దాయన చెంగయ్య. పలక, అంటే డప్పు, వాయించే మనిషి. కాలనీలో ఎవరు పోయినా పాడె ముందర పలక వాయించుకుంటా నడిచేది ఆయనే.

"చచ్చినా పొయ్యేదానికి దావ లేకుండా పోయిందమ్మా మాకు" అన్నాడు.

మా పక్క దారిని దావ అంటాము. కోర్టులో వేసే వ్యాజ్యం దావా. రెండిటికీ ఒక్క దీర్ఘమే తేడా. ఆ దీర్ఘం ఎంత దూరం సాగుతుందో అప్పుడు నాకు తెలీదు.

సంగతి ఇది. కాలనీకీ, ఏటి గట్టున ఉండే వాళ్ళ శ్మశానానికీ మధ్యలో ఒక ఆసామి వేరుసెనగ చేను. ఆ చేను నడిమధ్యన తాతల కాలం నించి ఒక కాలిదావ. శ్మశానం దాటితే బస్సు రోడ్డు. ఆసామి ఆ ఏడు దావను కూడా కలిపి దున్నేసి, చుట్టూ ముళ్ళకంచె వేసి, ఎవరూ లోపల కాలు పెట్టకూడదని కోర్టులో స్టే తెచ్చుకున్నాడు. చుట్టుతిరిగి పోవాలంటే కాలవ నీళ్ళలో దిగి పోవాల. వానాకాలంలో పాడెతో దిగితే మోసేవాళ్ళు కూడా కొట్టుకుపోతారు.

వాళ్ళు పోయినాక నేను లేచి అటూ ఇటూ నడిచినాను. "అక్కా, ఇది మున్సీపు కోర్టు కేసు కాదు. దీన్ని మద్రాసుకు, హైకోర్టుకు తీసుకుపోవాల. అంటరానితనం నేరమని రాజ్యాంగంలోనే..."

"పోతే నీ పేరు పేపర్లో వస్తాది" అనింది ఆమె. "ఆ చేన్లో దావ ఉండిందా లేదా, ఎవరు నడిచినారు, ఎవరు చూసినారు? అది అడిగేది మన మున్సీపు కోర్టేనప్పా. కూర్చొని దావా రాయి."

రాసినాను. తిండి మాని రాసినాను. వేదకాలంతో మొదలుపెట్టినాను. సమాజంలో అసమానతలు ఎట్ల పుట్టినాయి, రాజులేం చేసినారు, తెల్లవాళ్ళేం చేసినారు, స్వాతంత్ర్యం వచ్చి కూడా ఏం కాలేదు, అన్నీ ఇంగ్లీషులో వరసగా దట్టించినాను. టైపు కొట్టే ఆయన మధ్యలో రెండుసార్లు టీ తాగేదానికి లేచిపోయినాడు. వకీలమ్మ దాన్ని తిన్నె మీద కూర్చొని మొదటి నించి చివరి దాకా చదివింది.

"బాగుందప్పా" అనింది.

నేను ఉబ్బిపోయినాను. కోటు కొంచెం నిండినట్టు కూడా అనిపించింది.

"ఊరినంతా తిట్టినావు. ఊరి తాతల్ని కూడా తిట్టినావు. ఇంతకీ కోర్టును ఏమి కావాలని అడిగినావు?"

వెతికినాను. యాడా లేదు. దావా చివర్లో మాకు ఫలానాది ఇప్పించండి అని అడగాల్సిన చోట, చీకటి తొలగి వెలుగు రావాలని రాసిపెట్టినాను.

"వెలుగు కావాలంటే కరెంటాఫీసుకు పోవాల. మనకు కావాల్సింది పాడె పట్టేంత వెడల్పుండే దావ. అంత మాత్రం అడుగు. ఎక్కువ అడిగితే భయపడతారు, అదీ ఇవ్వరు."

పెన్ను తీసుకొని కొట్టేస్తా వచ్చింది. మొదట వేదకాలం పోయింది. తర్వాత రాజులు పోయినారు, తెల్లవాళ్ళు పోయినారు, స్వాతంత్ర్యం కూడా నిలవలేదు. మిగిలిందంతా రెండు కాగితాల్లో పట్టింది.

ఆ దావాకు మా ముఖ్యమైన సాక్షి చెంగయ్యే. ప్రతి పాడె ముందరా నడిచినవాడు ఆయన కంటే ఎవరు చెప్తారు? సాక్ష్యం రోజు ఆయన్ను పల్లె నించి తీసుకొచ్చే పని నాది. బస్సులో పక్కన కూర్చొని, సమానత్వం అంటే ఏందో తిరుత్తణి వచ్చిందాకా ఆయనకు చెప్తానే ఉన్నాను. ఆయన చేతులు కట్టుకొని ప్రతి మాటకూ తల ఊపినాడు. ఎంత బాగా అర్థం చేసుకుంటా ఉండాడో అని మురిసిపోయినాను.

కోర్టు వరండాలో వకీలమ్మ ఆయన్ను చూసి, "పొద్దున ఏం తిన్నావు తాతా?" అనింది.

"ఏమీ లేదమ్మా. ఆడికృత్తికకు కొండ మీది సామికి కావడి మొక్కుకొని ఉండా. అంతదాకా ఒంటిపొద్దే, రాత్రికే అన్నం."

ముసలాయన నిలబడిన చోటనే ఊగతా ఉండాడు. ఆమె ఆయన్ను పైనించి కింది దాకా చూసి, మెల్లిగా అడిగింది. "తాతా, నువ్వు నిన్న మద్రాసులో ఉండినావు గదా?"

"ఉండినానమ్మా" అన్నాడు చెంగయ్య.

ఆయన పుట్టి బుద్ధెరిగి మద్రాసు చూసిన మనిషి కాదు.

ఆమె నా పక్క ఒక్క చూపు చూసి లోపలికి పోయింది. కేసు పిలవగానే ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకొని లేచింది. చెవి పోటనీ, ఒక్క ముక్క కూడా వినపడడం లేదనీ, వాయిదా కావాలనీ అడిగింది. మున్సీపు గారు, "ఎప్పటి నించి అమ్మా?" అన్నాడు. ఆమె, "ఏమి సార్?" అనింది. ఆయన మళ్ళీ గట్టిగా అడిగినాడు. ఆమె మళ్ళీ, "ఏమి సార్?" అనింది. వాయిదా వచ్చేసింది.

బయటికి రాగానే నేను పట్టుకున్నాను. "న్యాయం కోసం పోరాడతా కోర్టులో అబద్ధమా అక్కా?"

"అబద్ధం యాడుండాది? వినపడదు గదా."

"అది పుట్టినప్పటి నించీ వినపడదు!"

"పోటు లేదని నీకెట్ల తెలుసప్పా? చెవి నీదా, నాదా?"

చెంగయ్యకు కొట్టు నించి పాలు తెప్పించి తాగించి, కృత్తిక అయినాక ఇంటికొచ్చి కడుపు నిండా తినిపోవాలని చెప్పి పంపించింది. ఆయన అట్లనే వచ్చి తినిపోయినాడు కూడా. తింటా తింటా, ఆ దావలో ఎవరెవరి పాడె ముందర పలక వాయించినాడో ఒక్కొక్క పేరూ చెప్పినాడు. ఆమె కాళ్ళు చాపుకొని కూర్చొని కుడి చెవి ఇటు పెట్టి వినింది. "ఈ మాటలే చెప్పు తాతా బోన్లో, చాలు" అనింది.

వాయిదా రోజు రాకముందే ఒక రెండో శనివారం పొద్దున చెంగయ్య అల్లుడు సైకిలు తొక్కుకుంటా తిరుత్తణికి వచ్చినాడు. తిన్నె ముందర సైకిలు పడేసి, "మామ పోయినాడమ్మా" అన్నాడు.

వకీలమ్మ చేతిలో కాఫీ గ్లాసు. దాన్ని కింద పెట్టేదానికి కూడా మరిచిపోయి అట్లనే కూర్చునింది. నేను చేసిన పని ఏమంటే, చట్టం గుర్తు చేసినాను. "స్టే ఉండాది గదక్కా. చేన్లో కాలు పెడితే పోలీసు కేసవుతాది. కాలవలో నీళ్ళు నిండుగా పోతా ఉండాయి."

"తెలుసు" అనింది. లేచి బుట్టలో నించి గౌను తీసింది. "మున్సీపు గారింటికి పోదాం పా."

"కోర్టు సెలవు గదా?"

"చావుకు లేదు గదా."

మున్సీపు గారు ఒంటికీ తలకూ నూనె పట్టించుకొని, తువ్వాలు కట్టుకొని వాకిట్లో ఎండకు నిలబడి ఉండాడు. శనివారం తలంటు. మమ్మల్ని చూసి లోపలికి పోబోయినాడు గానీ, నేను అప్పటికే నా కోటు చేతులు జోడించి, "మై లార్డ్!" అనేసినాను. మున్సీపును ఎవరూ అట్ల పిలవరు. అందులోనూ తువ్వాల్లో ఉండే మున్సీపును. ఆయన ఇల్లాలు తలుపు సందులో నించి చూసి నోటికి కొంగడ్డం పెట్టుకునింది.

వకీలమ్మ నన్ను పక్కకు జరిపి అరవంలో చెప్పింది. అరవంలో చెప్పినా ఆమె గొంతు తెలుగులో ఏడ్చినట్టే ఉండింది. "అయ్యా, ఆ దావ కేసులో నా సాక్షి బోనెక్కలేడు ఇంక. ఆయన పాడె మీద ఉండాడు. మీరొచ్చి ఒక్కసారి ఆ తావు చూడాల. సోమవారం దాకా ఆయన ఆగలేడు."

నూనె ఆయన నుదుటి మీద నించి ముక్కు కొస దాకా జారింది. "ఎదిరి వకీలును కూడా పిలిపించండి. ఆయన లేకుండా నేను చూడకూడదు" అని లోపలికి పోయి చొక్కా వేసుకొచ్చినాడు. తల మాత్రం నూనెతోనే.

ఆ రోజుల్లో మున్సీపులకు కార్లు యాడివి? బస్సులో పోయినాము. ముందు సీట్లో నూనె కారతా మున్సీపు గారు. నిద్రలో నించి లేపి తెచ్చిన ఎదిరి వకీలు ఆ పక్క, వకీలమ్మ ఈ పక్క. నేను నిలబడి ముగ్గురి మీదా నా కోటు పడకుండా పట్టుకొని ఉండాను.

కాలనీలో పందిరి కింద చెంగయ్యను పడుకోబెట్టినారు. ఎవరూ ఏడుస్తా లేరు. అందరూ మమ్మల్నే చూస్తా ఉండారు. మున్సీపు గారు కాలనీ చివరికి నడిచినాడు. అక్కడ కాలిదావ ఉండింది, గడ్డి మొలవకుండా నున్నగా. అది నేరుగా ముళ్ళకంచె దాకా పోయి ఆగిపోయింది. కంచె లోపల పచ్చగా వేరుసెనగ. ఆసామి మనుషులు ఆ పక్క చేతులు కట్టుకొని నిలబడి ఉండారు.

"చూడండి సార్, ఇక్కడ దావ యాడుంది? అంతా చేను" అన్నాడు ఎదిరి వకీలు.

మున్సీపు గారు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని చేనవతలకు చూసినాడు. చేను అయిపోయిన చోట, ఏటి గట్టు పక్క, మళ్ళీ అదే నున్నటి కాలిదావ మొదలై శ్మశానం దాకా పోయింది.

"ఇక్కడ లోపలికి పోయిన దావ అక్కడ బయటికి ఎట్ల వచ్చిందండీ? మధ్యలో ఎగిరిందా?" అన్నాడు మెల్లిగా.

వకీలమ్మ ఏదో ఒకటి అంటుందనుకున్నాను. ఆమె కంచె కొయ్య పట్టుకొని నిలబడి ఉండింది.

ఉత్తరువు అక్కడికక్కడే రాస్తానన్నాడు మున్సీపు గారు. కాగితం ఉంది, పెన్ను ఉంది. పెట్టుకొని రాసేదానికి బల్ల లేదు. అందరూ చుట్టూ చూసి చివరికి నన్ను చూసినారు. వంగినాను. నా వీపు మీద కాగితం పెట్టి, ఈ ఒక్క శవానికి దావ వదలాలనీ, కంచె తియ్యాలనీ రాసి సంతకం పెట్టినాడు. పెన్ను పొడుచుకోకుండా ఆ లావుపాటి కోటు బాగా అడ్డం వచ్చింది. ఇన్నేండ్ల వకీలు పనిలో సమాజం కోసం నేను సూటిగా చేసిన సేవ ఏదన్నా ఉంటే అదే.

అల్లుడు పలక అందుకున్నాడు. మామ మాదిరి వాయించడం ఆయనకు రాలేదు, దెబ్బ తప్పింది, మళ్ళీ పట్టుకున్నాడు. అప్పుడు ఏడ్చినారు అందరూ. మా పక్క ఆడవాళ్ళు శ్మశానం దాకా పోరు. వకీలమ్మ గౌను వేసుకొనే పాడె వెనక పోయింది. ఎవరూ వద్దనలేదు. గుంట పూడ్చిందాకా నిలబడింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె నిద్రపోలేదు. కిటికీ పక్క నించి నా పక్కకు తిరిగి అనింది. "తిన్నావా అని అడిగితిని. ఇంకెన్నాళ్ళుంటావని అడగలేదప్పా. ఆ పొద్దే బోనెక్కించుంటే, ఊగతా ఊగతా ఏదో ఒకటి చెప్పుండును."

"మద్రాసులో ఉండినానని చెప్పుండునక్కా" అన్నాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

దావా నడిచింది. మున్సీపులు మారినారు. కాలనీలో మిగతా ముసలోళ్ళు ఒకరి వెనక ఒకరు కడుపు నిండా ఇడ్లీ తిని, బోనెక్కి, కానిదానికి కాదనే చెప్పినారు. నా గడ్డం పోయింది, పెండ్లయింది, కోటు కొంచెం కొంచెంగా నాకు సరిపోతా వచ్చింది. చివరికి తీర్పు వచ్చింది. శవాలను తీసుకుపోయేదానికి, పాడె పట్టేంత వెడల్పున, కాలనీ వాళ్ళకు దావ వదలాల. ఆసామి అప్పీలుకు పోయి అక్కడా ఓడిపోయినాడు. మేమేది అడిగినామో అదే ఇచ్చినారు, అచ్చం అంతే.

ఏడాది తిరక్కముందే ఆసామి నించి ఇంకో పిటిషను వచ్చింది. నేను దాన్ని ఆమె కుడి చెవి దగ్గర కూర్చొని గట్టిగా చదివినాను. అప్పటికి ఆ చెవి కూడా మందం అయింది. కోర్టు దావ ఇచ్చింది శవాలకనీ, కాలనీ వాళ్ళు మాత్రం ప్రతి దినమూ, ఆడామగా, టిఫిను డబ్బాలు పట్టుకొని, సైకిళ్ళు తోసుకుంటా, బతికుండంగానే ఆ దావలో పోతా ఉండారనీ, ఇది కోర్టు తీర్పును ధిక్కరించడమనీ రాసినారు. తిరువళ్ళూరు పక్క ఫ్యాక్టరీలు వచ్చిన కాలం అది. కాలనీ పిల్లలు పనికి పోవాలంటే బస్సు రోడ్డుకు ఆ దావే దగ్గర.

"బతికుండంగానే అని రాసినాడా?"

"రాసినాడక్కా."

ఆమె నవ్వింది. నవ్వి నవ్వి గోడకు ఆనుకునింది. కళ్ళలో నీళ్ళు తుడుచుకొని, "నేనే గదప్పా పాడె పట్టేంత చాలన్నాను. చచ్చినోళ్ళ కోసమే అడిగితిని. బతికుండేవాళ్ళు నాకు గుర్తుకు రాలేదు చూడు" అనింది. ఆ మాట అన్నాక నవ్వు ఆగిపోయింది.

విచారణ రోజు నేను వాదిస్తానన్నాను. రాజ్యాంగం మళ్ళీ సంచీలో పెట్టుకొని పోయినాను. ఆమె నా కోటు పట్టుకొని కూర్చోబెట్టి తానే లేచింది. కొత్త మున్సీపు చిన్నవాడు. ఎదిరి వకీలు తీర్పును చదివి వినిపించి, "శవాలకు అని స్పష్టంగా ఉంది సార్" అన్నాడు.

"ఉంది సార్" అనింది ఆమె. "అయితే శవాలు నడవవు. మోసేవాళ్ళు బతికుండేవాళ్ళే. వాళ్ళు గుంట పూడ్చి తిరిగి ఇంటికి రావాల. వచ్చేటప్పుడు పాడె ఉండదు, ఉత్త చేతులతో వస్తారు, బతికే వస్తారు. బతికుండేవాళ్ళు పాడె లేకుండా ఆ దావలో నడిచేది ఆ తీర్పు లోపలే ఉండాది సార్. ఏ దినం నడవాలని తీర్పులో రాసుంటే వీళ్ళు చూపించమనండి."

చిన్న మున్సీపు పెదాలు బిగబట్టుకొని నవ్వు ఆపుకున్నాడు. పిటిషను కొట్టేసినాడు.

మరుసటి పొద్దున ఆ కబురు చెప్పేదానికి ఇద్దరమూ మొదటి బస్సుకే పల్లెకు పోయినాము. రోడ్డు మీద దిగి, శ్మశానం పక్కగా, ఆ దావలోకి వచ్చినాము. రెండు పక్కలా వేరుసెనగ పూత మీద ఉండింది. నాకు గుండె నిండిపోయింది. దావ నడిమధ్యన నిలబడి, రెండు చేతులూ చాపి, "అక్కా, ఈ నేల చరిత్రలో..." అని మొదలుపెట్టినాను.

"అన్నా, దావ వదులు! బస్సు పోతాది!"

కాలనీ పక్క నించి ఒకామె పరిగెత్తుకుంటా వస్తా ఉండింది. చేతిలో డబ్బా, చంకలో చెప్పులు. ఆమె వెనక ఇంకా కొంతమంది. మేము దిగిన బస్సే పల్లె లోపలికి పోయి తిరిగి వస్తా రోడ్డు మలుపులో హారను కొడతా ఉంది.

"అమ్మా, కోర్టులో మనకు..." అన్నాను.

"సాయంత్రం చెప్పన్నా!" అని మోచేత్తో నన్ను తోసేసి పోయింది. నేను వెల్లకిలా వేరుసెనగలో పడినాను. వకీలమ్మ అప్పటికే పక్కకు జరిగి, ఒక కాలు ఆసామి చేన్లో పెట్టి నిలబడి ఉండింది. ఒక్కొక్కరే ఆమె ముందర నించి పరిగెత్తినారు. ఒకడు సైకిలు తోసుకుంటా పోయినాడు. ఒక్కరు కూడా ఆగలేదు. ఆగేదానికి వాళ్ళకు టైము లేదు.

ఆమె చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకొని రోడ్డు పక్క చూస్తా ఉండింది. ఆ దూరానికి ఆమెకు చూపు ఆనదు.

"ఎక్కినారా?" అనింది.

"ఎక్కినారక్కా."

"అందరూనా?"

"అందరూ. సైకిలాయన కూడా గట్టెక్కినాడు."

"మంచిది" అనింది. "నువ్వు లేచి మట్టి దులుపుకో. మనకింక మధ్యానం దాకా బస్సు లేదు."